గురువారం ఎరువు

కంటికి శుక్లం తీయించుకుని, పెద్దమ్మాయి ఇంట్లో నలభై రోజులు ఉండి తిరిగి వచ్చేసరికి, బాల్కనీలో నా మందారానికి ఏడు పూలు ఉన్నాయి. పసుప్పచ్చని రేకలు, నడుమ ఎర్రటి మచ్చ. కొత్త కన్ను మోసం చేస్తోందేమోనని దగ్గరికి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.

సంతోషించవలసిన విషయమే. నాకు మాత్రం గుండెల్లో ముల్లు దిగినట్టయింది. ఆరేళ్ళుగా ఆ చెట్టు నా చేతిలో ఉంది. ఒకసారికి రెండు పూలకు మించి ఎప్పుడూ పూయలేదు. కొన్నిసార్లు నెలల తరబడి ఆకులే. నేను ఇల్లు కదిలిన నలభై రోజుల్లో ఏడు.

"అంతా అత్తయ్య చేతి చలవ," అంది మా చిన్నమ్మాయి, నా సంచి లోపల పెడుతూ. "నువ్వు వెళ్ళిన పదిహేను రోజులకే మొగ్గలేసింది."

అత్తయ్య అంటే మా అల్లుడి తల్లి. నేను లేనన్నాళ్ళూ ఇంట్లో ఒక పెద్ద దిక్కు ఉంటుందని అల్లుడు ఆవిడని తన చెల్లెలి ఇంటి నుంచి పిలిపించాడు. మేమిద్దరం ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకుంటాం. ఆ పిలుపులో ఎంత మర్యాద ఉందో అంత దూరమూ ఉంది.

"రండి వదినగారూ. కళ్ళు బాగా కనిపిస్తున్నాయా?" అంటూ ఆవిడ వంటింట్లోంచి వచ్చారు.

"బాగానే కనిపిస్తున్నాయి వదినగారూ. కనిపించకపోయినా ఫరవాలేదనుకున్నవి కూడా."

ఆవిడ నా మాటకి నవ్వి, చెట్టు దగ్గరికి నడిచారు. "పాపం, దీన్ని ఆరేళ్ళు పస్తులుంచారు మీరు. జిగురునీళ్ళు పోసేవారటగా. అమ్మాయి చెప్పింది."

జిగురునీళ్ళ సంగతి చెప్పాలంటే ఆ చెట్టు సంగతి చెప్పాలి. నేను పాతికేళ్ళు ఒక బైండింగ్ షాపులో పనిచేశాను. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడిచి, పదహారు పేజీల ఫారాలు చేసి, దారంతో కుట్టడం మా పని. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. ఆ కాగితాల మీదే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఒక్కో బల్ల మీదికి ఒక్కో ఫారం వచ్చేది. నా బల్లకి పదిహేడో పేజీ నుంచి ముప్ఫైరెండో పేజీ దాకా వస్తే, ఆ కథ నాకు పదిహేడులో మొదలై ముప్ఫైరెండులో తెగిపోయేది. ఎవరో ఇల్లు వదిలి రైలెక్కేవారు. ఎక్కడ దిగారో తెలియాలంటే పక్కబల్ల ఆవిడని అడగాలి. పక్కబల్ల ఆవిడకి చదవడం రాదు.

మా కిటికీ బయట నేలలో పసుప్పచ్చ మందారం ఉండేది. సాయంత్రం మైదా జిగురు గిన్నెలు కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోసేవాళ్ళం. ఏడాది పొడుగునా పూసేది. షాపు మూసేసిన రోజు మేము పదకొండు మందిమి తలా ఒక కొమ్మ తుంచి, తడి చిత్తుకాగితంలో చుట్టుకుని, గేటు దగ్గర విడిపోయాం. మళ్ళీ కలుద్దాం అని అందరూ అన్నారు. ఒక్కరిని కూడా మళ్ళీ చూడలేదు. వాళ్ళ కొమ్మలు వేరు పోసుకున్నాయో లేదో తెలియదు. నాది పోసుకుంది. అది పూసినా పూయకపోయినా బతికి ఉంటే చాలు అనుకునేదాన్ని. ఏడు పూలు చూసేదాకా నిజంగానే అలా అనుకున్నాను.

"నేలలో చెట్టు తన తిండి తాను వెతుక్కుంటుంది వదినగారూ," అన్నారు ఆవిడ. "కుండీలో చెట్టుకి ఆ వీలు లేదు. ఆసుపత్రి మంచం మీద మనిషిలాగ, మనం ఏం పెడితే అదే."

ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒక ఆసుపత్రి మందుల గదిలో పనిచేశారు. పొడులు తూచి పొట్లాలు కట్టడం, సీసాల మీద చీటీలు అంటించడం. మాట్లాడితే ఆ గది వాసన వస్తుంది. వంటింటి కేలండర్లో గురువారాల మీద ఎర్రచుక్కలు పెట్టారు. గురువారం పొద్దున్న ముందు కుండీని మంచినీళ్ళతో తడుపుతారు. దప్పికతో ఉన్న వేరుకి ఎరువు పోస్తే ఖాళీ కడుపున ఘాటు మందు మింగించినట్టేనట. పది గంటలకి, మందుల గది నుంచి తెచ్చుకున్న తెల్లని పొడుగుకాడ చెంచాతో అరచెంచా పొడి తీసి, కత్తి వెనుక అంచుతో చదునుచేసి, డబ్బాడు నీళ్ళలో కలిపి పోస్తారు. పొట్లం మీద మూడు అంకెలు ఉంటాయి, నత్రజనికి ఒకటి, భాస్వరానికి ఒకటి, పొటాష్‌కి ఒకటి. మందారానికి మధ్య అంకె చిన్నదై ఉండాలి, చివరిది పెద్దదై ఉండాలి.

"భాస్వరం దీనికి పడదు. కొంచెం కొంచెం, వారం వారం. అంతే వైద్యం," అన్నారు.

అదంతా నాకు చెప్పడానికి చెప్పారో, నాకేమీ తెలియదని గుర్తుచేయడానికి చెప్పారో. మూతి ముడుచుకుని విన్నాను.

నాలుగో రోజు సాయంత్రం టీ తాగుతుంటే మా అమ్మాయి అంది. "అత్తయ్య నెలాఖరుకి వెళ్ళిపోతారట. అక్కడ ఆవిడ గదికి తూర్పు కిటికీ ఉంది. మందారాన్ని ఆవిడతో పంపిద్దామా అమ్మా? నీకు నీళ్ళ డబ్బా ఎత్తడం కష్టం. ఎలాగూ ఆవిడ చేతికి అలవాటు పడింది."

నేను వదినగారి వైపు చూశాను. ఆవిడ వద్దని అనలేదు. కప్పులో చెంచా తిప్పుతూ ఉన్నారు. చక్కెర ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

"చూద్దాంలే," అన్నాను.

నెలాఖరుకి ఇంకా మూడు వారాలు ఉంది. ఆ లోపల అది నా చేతి మీద పూయాలి. ఏడు కాదు, పది పూయాలి. అప్పుడు ఎవరికి అలవాటు పడిందో వాళ్ళే చూస్తారు.

మర్నాడు విత్తనాల షాపుకి వెళ్ళాను. "పూలు బాగా రావాలి. తొందరగా రావాలి," అన్నాను. షాపాయన పూలబొమ్మ ఉన్న పొట్లం ఇచ్చాడు. దాని మీద మధ్య అంకె మిగతా రెండింటికి మూడింతలు ఉంది. వదినగారు చెప్పింది గుర్తుకు రాకపోలేదు. ఆవిడ చెప్పింది కాబట్టే పట్టించుకోబుద్ధి కాలేదు. నెలకి ఒక చెంచా చాలు అని కింద చిన్న అక్షరాలతో ఉంది. కొత్త కంటితో అది కూడా చదివాను. నెల నా దగ్గర లేదు.

పొట్లాన్ని నా పాత సూదులు, దారాలు ఉన్న రేకు పెట్టెలో దాచాను. మధ్యాహ్నం వదినగారు కునుకు తీసినప్పుడు బాల్కనీలోకి వెళ్ళి, నిండు టీచెంచాడు పొడి చెట్టు మొదట్లో చల్లి, కాగితాలు మడిచే ఎముక పుల్లతో మట్టిలో కలిపేదాన్ని. మూడు రోజులకోసారి. గురువారం ఆవిడ తన ఎరువు తాను పోస్తూనే ఉన్నారు. మానమంటే ఎందుకని అడుగుతారు. మానకపోతే చెట్టుకి రెండు తిళ్ళు. అది నాకు ఇబ్బందిగా తోచలేదు. ఇద్దరు పెడితే ఇంకా బలం అనుకున్నాను.

రెండో వారంలో మొగ్గలు పసుప్పచ్చగా మారి, ముట్టుకుంటే రాలిపోయాయి. తర్వాత ముట్టుకోకుండానే రాలాయి. ఆకుల అంచులు మంటకి చూపించిన కాగితంలా మాడాయి. మట్టి మీద తెల్లటి పొర కట్టింది.

వదినగారు కుండీ ముందు గొంతుక్కూర్చుని, రాలిన మొగ్గల్ని అరచేతిలోకి ఏరుకున్నారు.

"మందు ఎక్కువైందేమో అత్తయ్యా," అంది మా అమ్మాయి.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ మాట విన్నప్పుడు నాకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. నా చెట్టు మాడిపోతుంటే కూడా. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది.

"నా చేతిలో పూలు పూయలేదేమో గానీ వదినగారూ, మొగ్గ మాత్రం ఎప్పుడూ రాలలేదు," అన్నాను.

నా మాటకి ఆవిడ మాట సిద్ధంగా ఉంటుందని ఎదురుచూశాను. ఆవిడ తల వంచుకుని, ఆ మొగ్గల్ని చెత్తబుట్టలో వేసి తన గదిలోకి వెళ్ళిపోయారు. నాకు భయం వేసింది. నన్ను ఎత్తిపొడవని వదినగారిని నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే, పిల్లలిద్దరూ పనికి వెళ్ళాక, వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఉప్పు డబ్బా, చేతిలో ఆ తెల్ల చెంచా. అరచెంచా ఉప్పు తీసి, కత్తితో చదునుచేసి, కాగితం మీద కుప్ప పోస్తున్నారు. ఒకదాని పక్కన ఒకటి. అప్పటికే పదో పన్నెండో కుప్పలు ఉన్నాయి.

"ఏం చేస్తున్నారు వదినగారూ?"

"మీ కళ్ళు ఇప్పుడు బాగున్నాయి కదా. ఇలా వచ్చి చూడండి. ఇవన్నీ సమానంగా ఉన్నాయా? ఏదన్నా పెద్దగా ఉందా?"

వంగి చూశాను. ఒకే అచ్చులోంచి తీసినట్టు ఉన్నాయి.

"సమానంగానే ఉన్నాయి."

"నిజం చెప్పండి."

"నిజమే చెప్తున్నాను."

ఆవిడ చెంచా కింద పెట్టారు. "ముప్ఫై ఏళ్ళలో నేను ఒక్క పొట్లం తప్పు కట్టలేదు. చెయ్యి తప్పితే వెంటనే తెలిసేది, విప్పి మళ్ళీ కట్టేదాన్ని. ఇప్పుడు తప్పింది, నాకు తెలియలేదు. మా అమ్మకి ఇలాగే మొదలైంది వదినగారూ. వేసిన ఉప్పే మళ్ళీ వేసేది. రెండేళ్ళకి నా పేరు మర్చిపోయింది. చెట్టు సంగతి వదిలేయండి. నా మాత్రలు నేను వేసుకోవచ్చో, ఇంకెవరి చేతికన్నా ఇచ్చేయాలో చూసుకుంటున్నాను."

నాకు తెలిసిన ఎడబాట్లన్నీ గేటు దగ్గరో, రైలు పెట్టె దగ్గరో, ఆసుపత్రి తలుపు దగ్గరో జరిగినవి. మనిషి ఎదురుగా కూర్చునే తనకి తాను దూరమైపోతున్నానని అనుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆవిడని అక్కడిదాకా నెట్టింది నేనే.

ఇప్పుడు చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. నెలాఖరుకి ఆవిడ వెళ్ళిపోతారు, ఈసారి చెట్టు అడగరు. మాడిందో, బతికిందో, చెట్టు నాకే మిగులుతుంది. ఆ ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

గదిలోకి వెళ్ళి రేకు పెట్టె తెరిచి, పూలబొమ్మ పొట్లం తెచ్చి ఉప్పు కుప్పల మధ్య పెట్టాను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ముందు అంకెలు చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఎంత వేశారు?"

"చెంచాడు."

"ఏ చెంచా?"

"టీ చెంచా. నిండుగా."

"ఎన్నిసార్లు?"

"మూడు రోజులకోసారి. ఆరుసార్లు వేశాను."

"నీళ్ళలో కలిపా, పొడిగానా?"

"పొడిగానే."

వదినగారు కాగితాన్ని మడిచి, ఉప్పంతా డబ్బాలోకి జాగ్రత్తగా వంచారు. ఒక్క రవ్వ బయట పడలేదు. మూత బిగించారు.

"అంటే నా చెయ్యి బాగానే ఉంది," అన్నారు.

"మీ చేతికేం వదినగారూ. నా బుద్ధికే వచ్చింది రోగం."

"దాని వైద్యం తర్వాత చూద్దాం. ముందు అటువైపు పట్టుకోండి. పేషెంటు సీరియస్‌గా ఉంది."

ఇద్దరం కలిసి కుండీని స్నానాలగదిలోకి ఈడ్చుకెళ్ళాం. మట్టి మీది తెల్లపొరని నా ఎముక పుల్లతో గీకి తీశాం. తర్వాత నీళ్ళు. డబ్బా నింపడం, మెల్లగా పోయడం, అడుగు కన్నంలోంచి పూర్తిగా కారేదాకా ఆగడం, మళ్ళీ నింపడం. మొదట్లో కారిన నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఎనిమిదో డబ్బాకి తేటపడ్డాయి. ఆవిడ ఇంకో నాలుగు పోయించారు.

ఏదో కాగితం మర్చిపోయి వెనక్కి వచ్చిన మా అల్లుడు, తడిసి ముద్దయిన మా ఇద్దరినీ గుమ్మంలోంచి చూశాడు.

"ఏం చేస్తున్నారమ్మా?"

"విషం మింగింది. కడుపు కడుగుతున్నాం. నువ్వు వెళ్ళు నాన్నా, ఆఫీసుకి ఆలస్యమవుతుంది," అన్నారు వదినగారు.

అల్లుడు వెళ్ళాక అసలు మాట అడిగారు. "ఎందుకు చేశారు?"

"మీరు తీసుకెళ్ళిపోతారని."

"నేను అడిగానా?"

"వద్దని కూడా అనలేదుగా."

ఆవిడ డబ్బా పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చున్నారు. "అనలేదు. ఏడు పూలు పూయించినదాన్ని ఎందుకంటాను? నలభై రోజులు దాని ముందు కూర్చుని టీ తాగాను. మీరు గుమ్మంలో అడుగుపెట్టగానే అది మీ చెట్టయిపోయింది. నాకు మాత్రం కడుపు మండదా?"

ఆ మాటకి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ఇన్ని రోజులూ ఆ మంట నా ఒక్కదానికే అనుకున్నాను.

"ఈ సంగతి పిల్లలకి చెప్పకండి వదినగారూ," అన్నాను.

"నేను చెప్పను. మీరే చెప్తారు. నా చేతిని అన్న మాట మీ నోటితోనే పోవాలి."

సాయంత్రం టీ దగ్గర చెప్పాను. మా అమ్మాయి ముందు నవ్వింది, తర్వాత నా మొహం చూసి మానేసింది. లేచి వెళ్ళి ఆవిడ కప్పులో ఇంకొంచెం టీ పోసింది.

ఆరు వారాలు చెట్టుకి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదని వదినగారు ఆజ్ఞ వేశారు. ఈ స్థితిలో పేషెంటుని వదిలి వెళ్ళనని ప్రయాణం వాయిదా వేశారు. ఆ ఆరు వారాలు మేము చెట్టుని చూసినదానికంటే ఒకరినొకరు చూసుకున్నది ఎక్కువ. నేను బాల్కనీలోకి వెళ్తే వెనకాలే చెప్పుల చప్పుడు. ఆవిడ వెళ్తే నాకు అక్కడ ఆరవేయాల్సిన తువ్వాలు ఏదో ఒకటి గుర్తొచ్చేది.

"చేతులు చూపించండి," అనేవారు.

"ముందు మీవి చూపించండి," అనేదాన్ని.

నాలుగో వారంలో రెండు చిగుళ్ళు వచ్చాయి. ఆరు నిండాక ఆవిడ గురువారం ఎరువు మళ్ళీ మొదలుపెట్టారు, అరచెంచా కాదు, పావుచెంచా. ఆ మరుసటి వారమే ప్రయాణానికి కొత్త తేదీ చెప్పారు. మూడు వారాల తర్వాత వచ్చే బుధవారం.

తేదీ విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఆవిడతో పోటీపడే కదా ఇంత చేశాను. ఇప్పుడు ఆవిడ సంచి గోడవార కనిపిస్తే చాలు, చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. ప్రయాణంలో మంచినీళ్ళు ఉన్నాయా, మాత్రలు పైజేబులో పెట్టారా అని రోజుకి నాలుగుసార్లు అడిగాను. "ఇంకా రెండు వారాలుంది వదినగారూ," అని ఆవిడ విసుక్కున్నారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న కొమ్మ చివర మిరియపుగింజంత మొగ్గ చూశాను. ఎవరినీ పిలవలేదు. కుండీని మెల్లగా తిప్పి మొగ్గని గోడ వైపుకి పెట్టాను.

అంత జరిగాక కూడా, ఆ ఒక్క పువ్వు నేనొక్కదాన్నే చూడాలనిపించింది. కొమ్మ వెలుతురు కోసం వంగినప్పుడల్లా మళ్ళీ తిప్పేదాన్ని. అన్ని వైపులా ఎండ తగలాలని చెప్పేదాన్ని. ఆవిడ సరేనన్నట్టు తలూపేవారు.

బుధవారం వచ్చింది. వదినగారు చీకటితోనే తయారై, సంచి గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులు వేసుకుని కూర్చున్నారు. అల్లుడు ఇంకా లేవలేదు. నేను బాల్కనీలోకి వెళ్ళి చూశాను. మొగ్గ పొడుగ్గా సాగింది, కొసన పసుపు తొంగిచూస్తోంది. రేపు విచ్చుకుంటుంది. మందారం పువ్వు ఒక్కరోజే ఉంటుంది.

గుమ్మంలో ఆ చెప్పుల కాళ్ళు కనిపిస్తున్నాయి. బైండింగ్ షాపు గేటు దగ్గర అందరి కాళ్ళూ అలాగే బయటికి తిరిగి ఉన్నాయి. ఆ రోజు నేను ఒక్కరినీ కాసేపు ఆగమని అడగలేదు.

కుండీ అంచు పట్టుకుని ఇటు తిప్పాను.

"వదినగారూ, ఒకసారి రండి. మొగ్గ ఉంది. రేపు పూస్తుంది. పన్నెండు రోజులుగా దాచాను."

ఆవిడ కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "పద్నాలుగు," అన్నారు.

"ఏమిటి?"

"పద్నాలుగు రోజులు. మీరు కుండీ తిప్పిన రోజే చూశాను. మందుల గదిలో ముప్ఫై ఏళ్ళు ఉన్నదాన్ని. సీసా గోడ వైపు తిప్పి ఉంటే చీటీ చదవకుండా వదిలేస్తానా?"

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తారో లేదో చూద్దామని. ఆ సంచి ఎత్తండి ఒకసారి."

ఎత్తాను. గాలిలా లేచింది. లోపల ఏమీ లేదు.

"టికెట్టు శుక్రవారానికి మార్పించాను," అన్నారు, చెప్పులు విడుస్తూ.

"నేను చెప్పకపోయి ఉంటే?"

"శుక్రవారం దాకా మీతో మాట్లాడకుండా ఇక్కడే కూర్చునేదాన్ని."

గురువారం పొద్దున్న పువ్వు విచ్చుకుంది. ఆరు వారాల పస్తుకి కొంచెం చిన్నదైంది, రంగు మాత్రం అదే. వదినగారు తెల్ల చెంచా నా చేతికిచ్చారు. నేను పావుచెంచా తీసి, కత్తితో చదునుచేశాను. ఆవిడ వంగి చూసి, మళ్ళీ చదునుచేయించారు. ఇద్దరం కుర్చీలు వేసుకుని పువ్వుకి ఎదురుగా కూర్చున్నాం. అది మా ఇద్దరి వైపూ చూడలేదు. వీధి వైపు తిరిగి ఉంది.

"చెట్టు మీ దగ్గరే ఉండనివ్వండి, చెంచా కూడా," అన్నారు ఆవిడ. "గురువారం గురువారం పది గంటలకి ఫోన్ చేస్తాను. కొలత చెప్పాలి. ఎత్తకపోతే వచ్చేస్తాను."

శుక్రవారం వెళ్ళిపోయారు. ఈసారి సంచి బరువుగా ఉంది, నేనే ఎత్తి చూశాను.

తర్వాతి గురువారం కుండీ తడిపి, డబ్బా నింపి, పొడి చదునుచేసి పెట్టుకున్నాను. పది గంటలకి ఫోన్ మోగింది. చెంచా చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఒకసారి ఆగిపోయి, మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఎత్తకపోతే వచ్చేస్తానన్నారు. అన్నమాట తప్పే మనిషి కాదు.

ఇంకాసేపు మోగనిచ్చాను.